నెల్లూరు అభ్రకం నుండి ఘన పాలిమర్ విద్యుద్విశ్లేష్యం వరకు: అయాను వాహకత పెంపు చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

నెల్లూరు జిల్లా పశ్చిమ ప్రాంతం విద్యుత్తును అడ్డుకునే అభ్రకానికి ప్రసిద్ధి పొందింది. ఘన పాలిమర్ విద్యుద్విశ్లేష్యాల పరిశోధన దీనికి పూర్తిగా ఎదురుదిశలో, ఘనపదార్థం గుండా అయానులను నడిపించే లక్ష్యంతో సాగింది. 1973 తరువాత ఈ రంగంలో వాహకతను పెంచడానికి జరిగిన ప్రయత్నాలను, వాటిలో ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల ప్రయోగశాలల కృషిని, ఆ కృషిని తెలుగులో చెప్పుకోవడానికి ఉన్న పరిభాషా సమస్యను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మొత్తం వాహకత పెరగడం, కావలసిన అయాను వాహకత పెరగడం ఒకటి కావని, ఆ భేదాన్ని పట్టించే మాటలు తెలుగులో ఇంకా స్థిరపడలేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అభ్రకం, అయాను వాహకత, పాలిథిలీన్ ఆక్సైడ్, విద్యుద్విశ్లేష్యం, పూరకం, శాస్త్ర పరిభాష.

1. ప్రవేశిక

చేజర్ల నెల్లూరు జిల్లా పశ్చిమాన మెట్టప్రాంతంలో, ఆత్మకూరు, పొదలకూరుల నడుమ ఉన్న మండల కేంద్రం. పూర్వపు గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి తాలూకాల మీదుగా సాగే అభ్రక మేఖల ఈ పరిసరాలను తాకుతూ పోతుంది. పొదలకూరు వైపు వానవెలిసిన తరువాత మట్టిలో మెరిసే రేకులను పిల్లలు ఏరి పుస్తకాల్లో దాచుకోవడం ఈ ప్రాంతంలో పెరిగినవారికి తెలిసిన ముచ్చటే. నిఘంటువులు అభ్రకమన్నా, గనుల్లో మైకా అన్నా, ఊళ్లలో కాకిబంగారం అన్నా ఒకటే వస్తువు. నెల్లూరు మైకా లేత ఆకుపచ్చ ఛాయ కలది. బీహారు ప్రాంతపు ఎర్రఛాయ మైకా నుండి దానిని వ్యాపారులు ఆ రంగుతోనే వేరుచేసి గుర్తించేవారు.

భారతదేశ అభ్రక నిక్షేపాలపై థామస్ హాలండ్ రాసిన గ్రంథం 1902లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ప్రచురణగా వెలువడింది. 1911 నాటి బ్రిటానికా విజ్ఞానసర్వస్వం నెల్లూరు జిల్లా ఇనుకుర్తి గనిని ప్రత్యేకంగా పేర్కొన్నది. అక్కడ 10 అడుగుల వెడల్పు, 15 అడుగుల దాకా పొడవు గల అభ్రక స్ఫటికాలు దొరికాయని, 30 అంగుళాల పొడవు, 24 అంగుళాల వెడల్పుతో పగులూ మచ్చా లేని పలకలు లభించాయని అందులో ఉంది. అంత పెద్ద పలకలను ప్రపంచం కోరుకున్నది ప్రధానంగా ఒకే గుణం కోసం. అభ్రకం వేడిని తట్టుకుంటుంది, విద్యుత్తును పోనివ్వదు. మోటార్ల కమ్యూటేటర్లలో, ఇస్త్రీపెట్టెల్లో, రేడియో కెపాసిటర్లలో దాని పని అడ్డుకోవడమే.

ఈ అడ్డుకునే గుణానికి కారణం వెతికితే మన ప్రస్తుత విషయానికి దారి దొరుకుతుంది. అభ్రకంలో అయానులు లేకపోలేదు. సుమారు ఒక నానోమీటరు మందం గల సిలికేటు పొరలు ఒకదానిపై ఒకటి పేర్చినట్లుంటాయి. పొరలపై రుణావేశం ఉంటుంది. దానికి సరిపడా పొటాషియం ధన అయానులు పొరల మధ్య ఉంటాయి. అయితే ఆ పొటాషియం పొరల్లోని షట్కోణపు గుంటల్లో ఎంత బిగువుగా కూర్చుంటుందంటే మామూలు పరిస్థితుల్లో కదలలేదు. అయానులు ఉండటం ఒకటి, అవి నడవగలగడం మరొకటి. ఘన విద్యుద్విశ్లేష్యాల చరిత్ర ఈ రెండింటి మధ్య దూరాన్ని తగ్గించడానికి పడిన శ్రమే.

2. ఘనంలో నడక: పూర్వరంగం

అయాను, ఆనోడ్, కాథోడ్, ఎలక్ట్రొలైట్ అన్న మాటలను మైకేల్ ఫారడే 1834లో ప్రకటించాడు. వాటి రూపకల్పనలో కేంబ్రిడ్జి పండితుడు విలియం వేవెల్ సహకారం ఉంది. గ్రీకులో అయాను అంటే ‘వెళ్లేది’. ప్రయోగశాలలో కనిపించినదానికి పేరు కావలసి వచ్చినప్పుడు శాస్త్రవేత్త భాషావేత్త గుమ్మం తొక్కిన ఈ సందర్భం తెలుగు పరిశోధకులు గుర్తుంచుకోదగినది. ఫారడే ద్రవాలతోనే ఆగలేదు. వేడిచేసిన సిల్వర్ సల్ఫైడ్, లెడ్ ఫ్లోరైడ్ వంటి ఘనపదార్థాలు కూడా విద్యుత్తును ప్రసరింపజేయడాన్ని ఆ దశకంలోనే గమనించాడు.

అసలైన ఆశ్చర్యం 1914లో ఎదురైంది. జర్మనీలో టుబాంట్, లోరెంజ్ అనే శాస్త్రజ్ఞులు సిల్వర్ అయొడైడును వేడిచేస్తుండగా 147 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని స్ఫటిక నిర్మాణం మారి, వాహకత ఒక్కసారిగా వేల రెట్లు పెరిగింది. ఇంకా వేడిచేసి కరిగిస్తే వాహకత పెరగకపోగా కొద్దిగా తగ్గింది. ద్రవంలోనే అయాను తేలికగా నడుస్తుందన్న నమ్మకానికి ఇది ఎదురుదెబ్బ. సిల్వర్ అయొడైడులో అయొడైడు అయానులు తమ స్థానాల్లో నిలిచి ఉంటే, వెండి అయానులు మాత్రం ద్రవంలో వలె తిరుగుతాయి. ఒకదాన్ని నిలిపి మరొకదాన్ని వదలడమన్న ఈ సూత్రం ముందుముందు మళ్లీ వస్తుంది. 1967లో ఫోర్డ్ సంస్థ ప్రయోగశాలలో యావో, కుమ్మర్ బీటా అల్యూమినాలో సోడియం అయానుల వేగవంతమైన చలనాన్ని చూపించారు. అక్కడ కూడా సోడియం నడిచేది పొరల నడుమే.

ఇవన్నీ గట్టి పదార్థాలు, పెళుసైనవి. బ్యాటరీ పనిచేసేటప్పుడు ఎలక్ట్రోడు ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. పింగాణీ వంటి పలక దానికి అనుగుణంగా వంగలేక అతుకు విడిపోతుంది. వంగగలిగే ఘనం కోసం అన్వేషణ ఇక్కడ మొదలైంది.

3. పాలిమర్ ప్రవేశం

1973లో ఇంగ్లండులోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫెంటన్, పార్కర్, రైట్ ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. పాలిథిలీన్ ఆక్సైడ్ అనే పాలిమరు క్షారలోహ లవణాలను తనలో కరిగించుకుని సంక్లిష్టాలను ఏర్పరుస్తుందన్నది దాని సారాంశం. రైట్ 1975లో వాటి వాహకతను కొలిచి ప్రకటించాడు. 1978లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మిషెల్ ఆర్మాండ్ స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ సమావేశంలో వీటిని బ్యాటరీలకు ఘన విద్యుద్విశ్లేష్యాలుగా వాడవచ్చునని ప్రతిపాదించడంతో ఈ రంగానికి దిశ ఏర్పడింది.

పాలిథిలీన్ ఆక్సైడ్ గొలుసులో రెండు కార్బన్‌లకు ఒక ఆక్సిజన్ చొప్పున వస్తుంది. ఆ ఆక్సిజన్‌లు లిథియం లేదా సోడియం అయానును చుట్టుముట్టి పట్టుకుంటాయి. అందువల్ల లవణం విడిపోయి కరుగుతుంది. కాని పట్టుకున్న చేయి వదిలితేనే అయాను కదులుతుంది. గొలుసు ఊగుతూ ఉంటే ఒక ఆక్సిజన్ల గుంపు నుండి మరొక గుంపుకు అయాను చేతులు మారుతుంది. అంటే ఇక్కడ నడిచేది అయాను ఒక్కటే కాదు, నడిపించే దారి కూడా కదులుతూ ఉండాలి. అభ్రకానికీ దీనికీ మౌలికమైన తేడా ఇదే.

చిక్కు ఎక్కడంటే, పాలిథిలీన్ ఆక్సైడ్ సుమారు 65 డిగ్రీల దాకా కరగని స్ఫటిక పదార్థం. గది ఉష్ణోగ్రత వద్ద గొలుసులు అధిక భాగం వరుసలు తీరి ముడుచుకుని ఉంటాయి. 1983లో బెర్తియే బృందం అణుకేంద్ర అయస్కాంత అనునాద పద్ధతితో చేసిన పరిశీలనలో అయానుల చలనం ప్రధానంగా స్ఫటికేతర భాగంలోనే జరుగుతున్నదని తేలింది. గది ఉష్ణోగ్రతలో ఈ పదార్థాల వాహకత సాధారణంగా సెంటీమీటరుకు 10⁻⁷ సీమెన్స్ పరిసరాల్లో ఉంటుంది. బ్యాటరీకి కావలసినది 10⁻⁴ నుండి 10⁻³. ఈ వేయి, పదివేల రెట్ల వ్యత్యాసాన్ని పూడ్చడమే తరువాతి నాలుగు దశాబ్దాల పరిశోధన.

4. వాహకత పెంచే మార్గాలు

మొదటిది ప్లాస్టిసైజర్. ఇథిలీన్ కార్బొనేట్, ప్రొపిలీన్ కార్బొనేట్, తక్కువ అణుభారం గల పాలిథిలీన్ గ్లైకాల్ వంటివాటిని కలిపితే గొలుసుల మధ్య పట్టు సడలి, స్ఫటికత తగ్గి, వాహకత పెరుగుతుంది. 1975లోనే ఫ్రాన్సులో ఫ్యూయాద్, పెర్ష్ ద్రవాన్ని పాలిమరులో బంధించిన జెల్ పదార్థాలను పరిచయం చేశారు. ఇది సులభమైన దారి. కాని ద్రవం పెరిగేకొద్దీ పొర బలం తగ్గుతుంది. లిథియం లోహంతో చర్య మొదలవుతుంది. ద్రవాన్ని వదిలించుకోవాలని బయలుదేరి మళ్లీ ద్రవం దగ్గరికే రావడం దీనిలోని వైరుధ్యం. పట్టికల్లో అత్యధిక వాహకత సంఖ్యలు జెల్ పదార్థాలవే అయినా, వాటిని ఘన విద్యుద్విశ్లేష్యాల పక్కన పెట్టి పోల్చడం సరికాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

రెండవది లవణాన్ని మార్చడం. రుణ అయాను పెద్దదై, దాని ఆవేశం విస్తరించి ఉంటే ధన అయానుపై పట్టు తగ్గుతుంది, స్ఫటికీకరణ కూడా కష్టమవుతుంది. పెర్‌క్లోరేటు, ట్రైఫ్లేటు లవణాల తరువాత టీఎఫ్‌ఎస్‌ఐ అనే సంక్షిప్తనామంతో పిలిచే ఇమైడు లవణాలు అందుకే స్థిరపడ్డాయి. ఈ మార్పు వెనుక కూడా ఆర్మాండ్ ఉన్నాడు.

మూడవది పూరకాలు. దీని కథ కాస్త వింతైనది. 1982లో వెస్టన్, స్టీల్ పాలిథిలీన్ ఆక్సైడులో అల్యూమినా పొడి కలిపింది యాంత్రిక బలం కోసం. విద్యుత్తు ప్రవహించని పొడిని కలిపితే వాహకత తగ్గాలి కదా అన్నది సహజమైన ఊహ. 1973లో లియాంగ్ అకర్బన లిథియం అయొడైడులో అల్యూమినా కలిపి వాహకత పెరగడాన్ని అప్పటికే చూపించి ఉన్నాడు. పాలిమరులో ఆ ప్రభావానికి బలమైన నిదర్శనం 1998లో వచ్చింది. రోము నగరంలో బ్రూనో స్క్రొసాటి బృందంలోని క్రోచె తదితరులు నానో పరిమాణపు టైటానియం డయాక్సైడు, అల్యూమినా కలిపిన పాలిథిలీన్ ఆక్సైడులో వాహకత 50 డిగ్రీల వద్ద 10⁻⁴, 30 డిగ్రీల వద్ద 10⁻⁵ సీమెన్స్‌కు చేరినట్లు ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. పూరకపు రేణువులు గొలుసులు తిరిగి వరుస తీరకుండా అడ్డుపడతాయని ఒక వివరణ. రేణువుల ఉపరితలం రుణ అయానులను ఆకర్షించి ధన అయానులకు వెసులుబాటు కల్పిస్తుందని మరొకటి. రెండింటిలో ఏది ఎంతవరకన్న చర్చ తెగలేదు.

స్ఫటికత తగ్గడమే వాహకత పెరగడమన్న సూత్రాన్ని ఇంతలోనే పూర్తిగా నమ్మడానికి వీల్లేకుండా చేసిన ఫలితం 2001లో వెలువడింది. సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో పీటర్ బ్రూస్ బృందం కొన్ని లవణాలతో ఏర్పడిన స్ఫటిక సంక్లిష్టాల్లో, అదే కూర్పు గల స్ఫటికేతర రూపం కంటే వాహకత ఎక్కువగా ఉండటాన్ని గమనించింది. అక్కడ గొలుసులు సొరంగాల వలె అమరి, లిథియం అయానులకు దారి ఇస్తాయి. సంఖ్యాపరంగా ఆ వాహకతలు స్వల్పమే. అయినా ఒక సిద్ధాంతం పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కుతున్న సమయంలోనే దానికి మినహాయింపు దొరకడం చరిత్రకారునికి ముఖ్యం.

ఉష్ణోగ్రత విషయంలో ఒక మాట. గది ఉష్ణోగ్రత అన్న మాట ఈ వ్యాసాలన్నింటిలో కనిపిస్తుంది. పాలిమర్ వాహకత ఉష్ణోగ్రతతో పాటు ఏటవాలుగా పెరుగుతుంది కనుక ఏ గది అన్న ప్రశ్న వస్తుంది. ఐరోపా శీతాకాలపు గది, రోహిణి కార్తెలో ఆత్మకూరు గది ఒకటి కావు. వాడుకలోనూ ఉష్ణోగ్రత నిర్ణాయకమైంది. 2011 డిసెంబరులో పారిస్ నగరంలో మొదలై 2018 దాకా నడిచిన ఆటోలిబ్ అద్దెకార్లలో బొల్లొరే సంస్థ తయారుచేసిన లిథియం లోహ పాలిమర్ బ్యాటరీలను వాడారు. అవి పనిచేయాలంటే లోపల వేడిగా ఉంచాలి. కార్లు నిలిపి ఉన్నప్పుడు కూడా ఆ వేడిని నిలపడానికి విద్యుత్తు ఖర్చయ్యేది.

5. హైదరాబాదు, తిరుపతి ప్రయోగశాలలు

భారతదేశంలో ఈ రంగానికి కాశీ హిందూ విశ్వవిద్యాలయం ఒక ప్రధాన కేంద్రం. అక్కడి సురేశ్ చంద్ర 1981లో ప్రచురించిన సూపర్ అయానిక్ ఘనపదార్థాల గ్రంథం ఒక తరానికి దారిచూపింది. 1988లో సింగపూరులో ఘనస్థితి అయానిక పరికరాలపై జరిగిన ఆసియా సమావేశ పత్రాలకు సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయానికి చెందిన బి.వి.ఆర్. చౌదరి, ఎస్. రాధాకృష్ణ సంపాదకత్వం వహించారు. ఆ వాతావరణంలోనే ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల భౌతికశాస్త్ర విభాగాలు పాలిమర్ విద్యుద్విశ్లేష్యాల వైపు వచ్చాయి.

1999లో ఉస్మానియా నుండి ఎం. జైపాల్ రెడ్డి, టి. శ్రీకాంత్, యు.వి. సుబ్బారావు పాలిథిలీన్ ఆక్సైడ్, సోడియం ఇట్రియం ఫ్లోరైడు పొరలపై ప్లాస్టిసైజర్ ప్రభావాన్ని ‘సాలిడ్ స్టేట్ అయానిక్స్’ పత్రికలో ప్రచురించారు. అదే సంవత్సరం సోడియం నైట్రేటు కలిపిన పొరలపై మరొక వ్యాసం ‘జర్నల్ ఆఫ్ పవర్ సోర్సెస్’లో వచ్చింది. తిరుపతి నుండి పి. బాలాజీ భార్గవ్, వి. మధుమోహన్, ఎ.కె. శర్మ, వి.వి.ఆర్.ఎన్. రావు 2007లో సోడియం బ్రోమైడు కలిపిన పాలివినైల్ ఆల్కహాలు పొరలపై ‘అయానిక్స్’ పత్రికలో పరిశోధన ప్రకటించారు. ఇవి ఉదాహరణలు మాత్రమే.

ఈ కృషిలో గమనించదగిన లక్షణం ఎంపిక. ప్రపంచం లిథియం వెంట పోతుండగా ఇక్కడ సోడియం లవణాలను ఎన్నుకున్నారు. లిథియం లవణాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి, వాటికి ఆర్గాన్ వాయువు నింపిన పెట్టెలు కావాలి. సోడియం లవణాలు చౌక, అందుబాటులో ఉండేవి. పద్ధతి కూడా నిరాడంబరమైనదే. పాలిమరును, లవణాన్ని తగిన ద్రావణిలో గంటల తరబడి కలిపి, పళ్లెంలో పోసి, ద్రావణి మెల్లగా ఆవిరయ్యాక మిగిలిన పలుచని పొరను శూన్యంలో ఆరబెట్టడం. ఒకవైపు సోడియం, మరొకవైపు అయొడిన్, కార్బన్‌ల మిశ్రమం పెట్టి చిన్న ఘటం తయారుచేసి దాని వోల్టేజీని, నిలకడను కొలవడం. సౌకర్యాల కొరత ఎంపికను శాసించి ఉండవచ్చు. సోడియం బ్యాటరీలు ఇప్పుడు ప్రపంచవ్యాప్తంగా ప్రాధాన్యం పొందుతున్నాయి కనుక ఆ ఎంపికను వెనుకబాటుగా చూడటం పొరపాటు.

పొగడ్తతో ఆగితే పరిశీలన కాదు. ఈ తరహా వ్యాసాల్లో, ఇక్కడివే కాదు ఇతర దేశాలవాటిలో కూడా, రెండు బలహీనతలు తరచుగా కనిపిస్తాయి. మొదటిది తేమ. పాలిథిలీన్ ఆక్సైడ్, పాలివినైల్ ఆల్కహాలు రెండూ నీటిని ఇష్టపడేవే. పొరలో మిగిలిన నీరు, ద్రావణి కూడా ప్లాస్టిసైజర్ వలె పనిచేస్తాయి. పెరిగిన వాహకతలో లవణం వాటా ఎంత, తేమ వాటా ఎంత అన్నది వేరుచేసి చూపినప్పుడే ఆ సంఖ్యకు విలువ.

రెండవది మరింత మౌలికమైనది. వాగ్నర్ ధ్రువణ పద్ధతిలో స్థిర వోల్టేజీ కింద ప్రవాహం కాలంతో తగ్గడాన్ని కొలిచి, ప్రవాహంలో అయానుల వాటా 0.9 కంటే ఎక్కువని నిర్ధారిస్తారు. అది ఎలక్ట్రానుల నుండి అయానులను వేరుచేస్తుంది. ధన అయాను నుండి రుణ అయానును వేరుచేయదు. బ్యాటరీకి కావలసినది సోడియం లేదా లిథియం ధన అయాను నడక మాత్రమే. రుణ అయాను నడిస్తే అది ఒక ఎలక్ట్రోడు దగ్గర పోగై ప్రవాహాన్ని అడ్డుకుంటుంది. 1987లో ఎవాన్స్, విన్సెంట్, బ్రూస్ ప్రతిపాదించిన పద్ధతి ఈ భేదాన్ని కొలుస్తుంది. దాని ప్రకారం చూస్తే పాలిథిలీన్ ఆక్సైడులో లిథియం వాటా సాధారణంగా 0.2, 0.3 దగ్గరే ఉంటుంది. పట్టుకునే ఆక్సిజన్‌లు ధన అయానునే పట్టుకుంటాయి కనుక, మూడింట రెండు వంతులకు పైగా ప్రవాహం అక్కరలేని అయానుది. ఇటువంటి పదార్థంలో వాహకత పదిరెట్లు పెరిగిందన్న వాక్యం సగం నిజమే చెబుతుంది.

6. పొరల మధ్య దారి

ఈ చిక్కుకు వచ్చిన పరిష్కారాల్లో ఒకటి మనలను మళ్లీ అభ్రకం దగ్గరికి తీసుకువస్తుంది. 1990లో స్పెయిన్‌కు చెందిన రూయిజ్ హిట్జ్‌కీ, అరాండా పొరల సిలికేటుల మధ్యకు పాలిథిలీన్ ఆక్సైడును చొప్పించారు. 1995లో అమెరికాలో వాయా, జియానెలిస్ తదితరులు ద్రావణి లేకుండా, కరిగిన పాలిమరును నేరుగా ఆ పొరల మధ్యకు పంపే పద్ధతిని ప్రకటించారు. వారి వ్యాసం శీర్షికలోనే ఆ ఖనిజాలను ‘మైకా తరహా సిలికేటులు’ అని పేర్కొన్నారు.

వారు వాడినది ఇనుకుర్తి పలక కాదు, మాంట్‌మోరిలొనైట్ అనే బంకమట్టి ఖనిజం. నిర్మాణంలో అభ్రకానికి దగ్గరి బంధువు. పొరల తీరు ఒకటే. కాని పొరలపై రుణావేశం తక్కువ కనుక వాటి మధ్య ఉన్న ధన అయాను బిగుసుకుపోదు, దాన్ని లిథియంతో మార్చుకోవచ్చు. ఆ సన్నని సందులో చేరిన పాలిమర్ గొలుసుకు వరుస తీరి స్ఫటికంగా మారడానికి చోటు లేదు. ఇక రుణ అయాను సంగతి: ఇక్కడ రుణావేశం మోస్తున్నది సిలికేటు పొరే. అది కదలలేదు. అందువల్ల నడిచేది ధన అయాను ఒక్కటే. సిల్వర్ అయొడైడులో ప్రకృతి చూపిన సూత్రం బంకమట్టిలో మనిషి చేతిమీదుగా మళ్లీ నెరవేరింది. మొత్తం వాహకత అవసరమైన స్థాయికి చేరలేదన్నది నిజమే. పొరలు ఏ దిశగా పేర్చి ఉన్నాయన్నదానిపై కూడా అది ఆధారపడుతుంది. అయినప్పటికీ అడ్డుకోవడానికే పేరుపడిన ఒక నిర్మాణం, పొటాషియం పట్టు సడలితే, దారిగా మారగలదని ఈ ప్రయోగం నిరూపించింది.

7. పేరు సమస్య

ఎలక్ట్రొలైట్‌కు తెలుగులో స్థిరపడిన పదం విద్యుద్విశ్లేష్యం. విజ్ఞాన చంద్రికా మండలి కాలం నుండి రసాయన, పదార్థ విజ్ఞాన గ్రంథాలు తెలుగులో వస్తూనే ఉన్నాయి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యపుస్తకాలు ఇటువంటి పదాలను తరగతిగదికి చేర్చాయి. వ్యుత్పత్తిని బట్టి విద్యుద్విశ్లేష్యం అంటే విద్యుత్తు చేత విడగొట్టబడదగినది. నీటిలో కరిగిన లవణానికి ఇది చక్కగా సరిపోతుంది. ఘన పాలిమర్ పొర విషయంలో అర్థం తలకిందులవుతుంది. అది విడిపోకుండా ఉండటమే దాని యోగ్యత. విడిపోతే బ్యాటరీ చెడిపోయినట్లే. ఇంగ్లీషు మాటలోనూ ఈ దోషం ఉంది, కాని అక్కడ వ్యుత్పత్తి మరుగునపడింది. తెలుగులో ‘విశ్లేష్యం’ ఇంకా పారదర్శకంగా ఉంది కనుక విద్యార్థిని పక్కదారి పట్టిస్తుంది. డిగ్రీ తరగతిలో ఒక విద్యార్థిని ‘ఇది విడిపోతే ఇంకేం మిగులుతుంది?’ అని అడిగినప్పుడు ఈ వ్యాసకర్త దగ్గర జవాబు లేకపోయింది.

ఘన పదార్థాల సందర్భంలో ‘అయానువాహకం’ అన్న మాటను వాడవచ్చునని ఈ వ్యాసం సూచిస్తుంది. విద్యుద్వాహకం ఇప్పటికే వాడుకలో ఉంది కనుక దాని పక్కన ఇది అపరిచితంగా తోచదు. అంతకంటే అవసరమైనది మరొకటి. వాగ్నర్ పద్ధతి కొలిచే సంఖ్యకూ, ఎవాన్స్ బృందం పద్ధతి కొలిచే సంఖ్యకూ ఇంగ్లీషు వ్యాసాల్లో తరచుగా ఒకే మాట వాడుతున్నారు. గందరగోళానికి అదీ ఒక కారణం. తెలుగులో ఈ రంగం గురించి రాసేవారు తొలినాడే ఈ రెండింటిని విడదీసుకోవచ్చు. ఎలక్ట్రానులతో పోల్చి చెప్పేదాన్ని ‘అయాను వాటా’ అని, రుణ అయానుతో పోల్చి చెప్పేదాన్ని ‘ధన అయాను వాటా’ అని అంటే చాలు. పొటాషియంను పట్టుకున్న అభ్రకంలో రెండవ వాటా గురించి అడగవలసిన పనే లేదు. తిరుపతి పొరలో అడగవలసినది ముందుగా అదే.